ఏడుపు విన్నవాళ్లు

"ఫోన్ బియ్యం డ్రమ్ముల వేసిన. తియ్య. నువ్వు మీద పడి కొట్టినా తియ్య," అన్నది కళావతి.

"యాడీ, నా ట్రాక్టర్ కిరాయిలన్నీ ఆ ఫోన్ల వస్తయే. పొద్దటి సంది ఎంతమంది కొట్టిన్రో ఏమో." దినేశ్ డ్రమ్ము మూత మీద చెయ్యి వేశాడు. తల్లి ఆ చేతి మీద గంటెతో ఒకటి వేసింది.

"కిరాయి పోతే రేపొస్తది. నా బిడ్డ పోతే వస్తదా?"

"బిడ్డకు, ఫోన్‌కు ఏం సంబంధమే? ఫోన్‌కు కాళ్లున్నయా, నడుసుకుంట పోయి హరిలాల్‌కు చెప్పనీకె?"

"కాళ్లు లేకపోతేంది, చెవులున్నయ్. ఇంట్ల మాట్లాడేదంత ఇంటదట."

గడప పక్కన మంచం మీద కూర్చున్న తండ్రి చాంద్యా గొంతు సవరించుకున్నాడు. "చెవులు ఫోన్‌కుంటే ఉన్నయేమో గని, నోళ్లయితే మనకే ఉన్నయ్. ఎవలో ఒకలు నోరు జారిన్రు. ఇంటి గుట్టు లంకకు చేటు అని ఊకెనే అన్లే."

"ఆ జారిన నోరు నీదేనేమో. కల్లు కాడ కూసుంటే నీకు తండా తెల్వది, పట్నం తెల్వది," అంది కళావతి.

"చెయ్యి విరిగి నా భుజం మీద పడ్డ బిడ్డే అది! దాని ముచ్చట కల్లు కాడ పెడతనా నేను?"

కోడలు అరుణ చాయ్ గ్లాసు తెచ్చి శ్రీలత చేతికిచ్చింది. "నిన్నటి సంది గిదే నడుస్తున్నది మేడం. అన్నం గూడ ఎవ్వలు సక్కగ తినలే," అంది మెల్లగా.

శ్రీలత చాయ్ తాగుతూ నలుగురి ముఖాలూ చూసింది. జనగామలో ఆమెకు ఒక గది ఆఫీసు. బయట బోర్డు మీద డిటెక్టివ్ అని రాసి ఉంటుంది గాని, వచ్చేవన్నీ పెండ్లి ఎంక్వయిరీలే. పిల్లగాడు తాగుతాడా, పిల్లకు ఇదివరకు ఎవరితోనైనా మాటలున్నాయా, అంతే. జమున సంగతి అట్లాంటిది కాదు. మొగుడు హరిలాల్ రోకలితో చెయ్యి విరగ్గొడితే పోయినేడు ఇల్లు విడిచింది. "దొరికిననాడు సంపుత" అని వాడు తండా పంచాయితీలో అందరి ముందే అన్నాడు. ఆమెను భూపాలపల్లిలో దాచింది శ్రీలతే. ఏడాది పాటు చీమ కూడా అటు తొంగిచూడలేదు. మొన్న మాత్రం హరిలాల్ సూటిగా ఆ ఇంటి ముందుకే వచ్చి తలుపు బాదాడు. గడియ గట్టిది గనక, ఇరుగుపొరుగు మూగారు గనక జమున బతికింది. పోలీసులకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చారు, తీసుకున్నారు. నిన్న శ్రీలత ఆమెను చిల్పూర్‌లో తన స్నేహితురాలి ఇంటికి మార్చింది. ఆ సంగతి ఇక్కడికి రాగానే కళావతికి ఒక్కదానికే చెప్పింది. చెప్పేదాకా ఆ తల్లి ఆమె కొంగు వదల్లేదు.

ఎవరు చెప్పారో తెలియకుండా ఎక్కడ దాచినా దాచినట్టు కాదు. అందుకే పొద్దున్నే మహబూబాబాద్ దాటి ఈ తండాకు వచ్చింది.

"కళావతక్కా, జర ఇట్ల కూసో. పోయిన నెల జనగామ బస్టాండ్ల జమునను కలిసినవు గదా. అప్పుడు ఏమేమన్నవు?"

ఆ కలయిక శ్రీలత ఏర్పాటే. తల్లి ఊరూ కాదు, బిడ్డ ఉండే ఊరూ కాదు. నడుమ వచ్చిపోయే జనంలో ఇద్దరు ఆడవాళ్లను ఎవరు పట్టించుకుంటారని అనుకుంది.

"ఏమంటనమ్మ? ఏడ్సిన," అంది కళావతి.

తండాలో శానా రోజులకు కలిసిన ఆడవాళ్లు ఒకరి మెడ ఒకరు పట్టుకొని, భుజం మీద తల పెట్టి, రాగం తీసి ఏడుస్తారు. కష్టం, సుఖం, పోయినవాళ్లు, ఉన్నవాళ్లు, అన్నీ ఆ రాగంలోనే తమ లంబాడీ భాషలో చెప్పుకుంటారు. అట్లా ఏడ్వకుండా బిడ్డను పలకరిస్తే తల్లి కాదు, పరాయిది. జమున ముఖానికి కట్టుకున్న స్కార్ఫు కూడా కళావతి చేత్తోనే లాగేసింది. ముఖం చూడకుండా ఎట్లా ఏడుస్తుంది?

"నీ ఎముక విరిగితే నా ఎముక నొచ్చెనే బిడ్డా అన్నవా?"

కళావతి చేతిలోని గంటె కింద పెట్టింది. "గా మాట నీకెట్ల తెలుసు?"

"మొన్న హరిలాల్ తలుపు బయట నిలబడి, నీ గొంతు చేసి, నీ రాగంల గా మాట పాడిండట. నవ్వుకుంట పాడిండట. లోపల జమున విన్నది. అది నీ మాటే అని గుర్తు పట్టింది."

అరుణ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇంతకు ముందు ఎప్పుడన్న ఆ మాట అన్నవా అక్కా?"

"లేదు. ఏడుపు ముందుగాల్ల కట్టి పెట్టుకుంటరా? కడుపుల కెళ్లి అప్పటికప్పుడు వచ్చింది."

"చుట్టు మీ భాష తెల్సినోళ్లు ఉండెనా?"

"ఎవ్వలు లేకుండె. అందరు తెలుగు మాట్లాడే ఊరోళ్లే. వింత సూసినట్టు సూసిన్రు."

"నువ్వు, జమున. ఇంకెవలున్నరు?"

కళావతి చెప్పాల్సిన పని కూడా లేదు. చాంద్యా కండ్లు, అరుణ కండ్లు దినేశ్ వైపు తిరిగాయి. ఆ రోజు తల్లిని బండి మీద జనగామ తీసుకుపోయింది అతడే.

"ఏంది? నా దిక్కు సూస్తరేంది?" దినేశ్ గొంతు పెంచాడు. "నా చెల్లెను నేను పట్టిస్తనా?"

"నీ ఫోన్ ఒకసారి చూస్త," అంది శ్రీలత.

"ఎందుకియ్యాలె? అండ్ల నాయి ఉంటయ్."

ఆ ఒక్క మాటతో ఇంట్లో అనుమానం గట్టిపడింది. కళావతే లేచి డ్రమ్ములో చెయ్యి పెట్టి, బియ్యం దులిపి ఫోన్ తీసింది. "తెరువురా," అన్నాడు చాంద్యా, మంచం మీద నుంచి కదలకుండానే. దినేశ్ బొటనవేలు పెట్టి తెరిచి, ఫోన్ శ్రీలత ఒళ్లో పడేసి, బయటికి పోయి ట్రాక్టర్ చాటున నిలబడ్డాడు.

హరిలాల్ నంబరు ఎక్కడా లేదు. వాడి మనుషులవీ లేవు. కిందికి జరుపుతూ పోతుంటే హనుమకొండ డాక్టరమ్మతో రాతలు కనబడ్డాయి. 'లోపం నాదే అని తెల్సినంక గూడ మా ఇంట్ల పిల్లలు అయితలేరని అరుణనే అంటున్నరు మేడం. నాకు నోరు రాక చెప్తలేను. మీరు గూడ ఎవ్వలకు చెప్పకుండ్రి.' ఆపాల్సిన చోటు దాటి రెండు వరుసలు చదివిన తర్వాతే ఆమె వేలు ఆగింది.

"ఏమున్నదమ్మా అండ్ల?" అని అడిగింది కళావతి.

"ఏం లేదక్కా."

దినేశ్ లోపలికొచ్చి ఫోన్ తీసుకున్నాడు. "అయిందా మేడం? మొత్తం సదివిన్రా?" అన్నాడు, ఆమె ముఖం చూడకుండా. శ్రీలత ఖాళీ గ్లాసును అరుణకు ఇచ్చి లేచింది. అరుణ ముఖం వైపు కూడా ఆమె చూడలేకపోయింది.

*

భూపాలపల్లిలో ఆ గది, బాలికల హాస్టల్ వెనక సందులో ఉంది. ఇంటామె గట్టమ్మ తాళం తీసింది.

లోపలి గడియ వంగిపోయింది. తలుపు కింది చెక్క మీద బూటు తన్నుల మచ్చలు. లోపల ఒక మంచం, స్టవ్, రెండు గిన్నెలు, మేకుకు స్కార్ఫు. గోడ మీద ఫొటో లేదు. పేరున్న కాగితం ఒక్కటీ లేదు. కిటికీకి పాత చీర కట్టి, గాలికి లేవకుండా కింద అంచు మలిచి రాయి పెట్టి ఉంది. ఇంత జాగ్రత్తగా బతికిన మనిషి జాడ ఎట్లా దొరికింది?

"నేను ఎవ్వలకు చెప్పలే బిడ్డా. నా మనుమరాలి మీద ఒట్టు," అంది గట్టమ్మ, అడగకముందే.

"నిన్ను అంటలేనవ్వా. ఆయన వచ్చినప్పుడు సందుల ఎవలనన్న అడిగిండా?"

"అడగలే. ఫోన్ ముంగట పట్టుకొని, అండ్లకు జరసేపు, ఇండ్ల దిక్కు జరసేపు సూస్కుంట వచ్చిండు. నా కాడ ఆగి, 'వంటక్క ఇంట్ల ఉన్నదా?' అన్నడు. హాస్టల్ దిక్కు మనిషి అనుకొని, ఉన్నది నాయినా అని సూపెట్టిన. గంతే నేను చేసిన పాపం."

శ్రీలత గడియ మీది చెయ్యి తీసింది. "వంటక్క అన్నడా? జమున అనలేదా?"

"జమున ఎవలు? నాకు సుజాత అని చెప్పింది గదా బిడ్డా."

"వంటక్క అని ఎవలు పిలుస్తరవ్వా ఆమెను?"

"ఎవలు పిలుస్తరు, హాస్టల్ పిల్లలు. పొద్దుగాల గోడ మీదికెళ్లి 'వంటక్కా, ఇయ్యాల ఉప్మానా' అని ఒర్లుతరు."

శ్రీలత మంచం అంచున కూర్చుంది. జమున హాస్టల్లో వంట చేస్తున్నట్టు పుట్టింట్లో ఎవరికీ తెలియదు. విరిగిన చెయ్యితో గుండిగలు లేపుతున్నదంటే తల్లి తట్టుకోదని, మిషను కుడుతున్నానని చెప్పింది. దినేశ్ చెప్పి ఉంటే హరిలాల్ నోట 'మిషనమ్మ' అని వచ్చేది, లేకుంటే జమున అని వచ్చేది. వంటక్క అని రాదు. ఏడుపులోని మాట జనగామ నుంచి పోయింది. వంటక్క అన్న పిలుపు భూపాలపల్లి నుంచి పోయింది. జమున కాక రెండూ తెలిసిన మనిషి ఈ భూమ్మీద లేడు. అయినా రెండూ హరిలాల్ చెవిన పడ్డాయి.

అంటే పొద్దున దినేశ్ ఫోన్‌లో ఆమె చదివింది ఉత్త పుణ్యానికే చదివింది.

*

సందు మొదట్లో హోటల్ బెంచీ మీద మహిపాల్ కూర్చొని మిర్చీ తింటున్నాడు. రెండేండ్లు శ్రీలత దగ్గరే పని నేర్చుకొని, ఆమె ఆఫీసుకు ఎదురుగానే సొంత బోర్డు పెట్టుకున్న మనిషి.

"దా శ్రీలతక్కా, కూసో. చాయ్ చెప్పనా?"

"హరిలాల్ నీ పార్టీయా?"

"పార్టీయే. పెండ్లాం తప్పిపోయింది, జాడ తియ్యమన్నడు. తీసిన. మిగిలిన పైసలు ఇయ్యాల ఈడనే ఇస్తనన్నడు, వస్తే మనిషి కనవడుతలేడు, ఫోన్ బందున్నది."

"తప్పిపోలేదు, తప్పించుకున్నది. చెయ్యి విరగ్గొట్టిండు వాడు. దొరికితే సంపుత అన్నడు."

"మొగుడు పెండ్లాల నడుమ మనమెవలం అక్కా? నా పని జాడ తీసుడు. నీ కాడ నేర్సుకున్నదే."

"నేను గిది నేర్పలే. ఎవలు చెప్పిన్రు నీకు?"

మహిపాల్ నవ్వాడు. "ఎవ్వలు చెప్పలే. అందరు చెప్పిన్రు." వేళ్లకంటిన నూనె పేపరుకు తుడుచుకొని ఫోన్ ఆమె ముందు పెట్టాడు.

జనగామ బస్టాండు. పైన 'ఐలేశ్ మొబైల్స్, జనగామ' అని పేరు, కింద ఫోన్ నంబరు. 'తల్లి ప్రేమకు భాష లేదు' అన్న అక్షరాలు. వెనక సన్నగా పిల్లనగ్రోవి కలిపారు. నడుమ కళావతి బిడ్డ ముఖం మీది స్కార్ఫు లాగేసి, మెడ చుట్టూ చేతులేసి రాగం ఎత్తుకుంది. తీసినవాడికి చెయ్యి కుదురున్నది, బాగా దగ్గరికి వచ్చాడు. జమున కండ్లు, ముక్కుపుడక, గడ్డం కింది పుట్టుమచ్చ, అన్నీ తేటగా కనబడుతున్నాయి. వెనక బస్సు బోర్డు మీద భూపాలపల్లి. నాలుగు లక్షల మంది చూశారు.

కింద వేల మాటలు. 'మా అమ్మ గుర్తొచ్చింది.' 'ఈ తల్లికి దండం.' 'ఏ భాషో తెల్వది గని నాకు ఏడుపాగలే.' వాటి నడుమ ఒక చిన్నపిల్ల రాసింది: 'అయ్యో, గీమె మా వంటక్క! మా హాస్టల్ వెనుక సందులనే ఉంటది. మస్తు మంచిది. అక్కా లవ్ యూ.'

ఒక్కరిలో కూడా చెడు లేదు. వెతికినా లేదు.

బస్టాండ్‌లో చుట్టూ మూగినవాళ్లకు ఆ భాష రాదు గనక శ్రీలత వాళ్లను లెక్కలోంచి తీసేసింది. ఫోన్‌కు భాష రావలసిన పని లేదని, అర్థం కానివాడు కూడా మాటను మోసుకుపోగలడని ఆమెకు తట్టనే లేదు.

"చూసినవా? తాళం పగలగొట్టలే, దొంగతనం చెయ్యలే," అన్నాడు మహిపాల్. "నడిబస్టాండ్ల ఏడ్సిన్రు. నలుగురి నడుమ ఏడ్సినంక గది నలుగురిదే."

"నలుగురి నడుమ ఏడ్సిన్రు గని నలుగురి కోసం ఏడ్వలే మహిపాల్. తల్లి బిడ్డ మీద పడి ఏడ్సింది. గది ఆ ఇద్దరిదే."

"గట్లనా?" అతడు బెంచీ మీద ముందుకు వంగాడు. "మరి మొన్న పాలకుర్తి పిల్లగాడు కాలేజీల ఎవలితో ఫొటో దిగిండో ఏడేండ్ల కిందటిది తవ్వి తీసి, పిల్ల తరపోళ్ల ముందు పెట్టి సంబంధం చెడగొట్టింది ఎవలు? గది ఎవలిదుండె అక్కా?"

పొద్దున బియ్యం వాసన వేసిన దినేశ్ ఫోన్ శ్రీలత వేళ్ల కింద ఇంకా కదులుతున్నట్టే ఉంది.

"కోపం పెట్టుకోకు. ఒకప్పుడు నీ ఉప్పు తిన్న, అందుకే చెప్తున్న. ఇంక కింద సూడు. పొద్దుగాల రాసిందే."

ఎవరో ఆడమనిషి. 'చిల్పూర్ గుట్టకు దర్శనానికి పోయినం. ఈ అక్క కింద పాల దుకాణం కాడ కనవడ్డది! ఫొటో అడిగితే సిగ్గుపడ్డది. అందుకే దూరం నుంచి తీసిన.' కింద బొమ్మ. పాల ప్యాకెట్ పట్టుకొని, తల తిప్పుకున్న జమున.

"హరిలాల్‌కు చూపెట్టినవా?"

"నేనెందుకు చూపెట్టాలె? ఈ వీడియో ఏడుంటదో వానికి ముందే చెప్పిన గదా. వానికి కండ్లు లేవా?"

శ్రీలత అక్కడి నుంచే జమునకు ఫోన్ చేసింది.

"అక్కా, నేనే చేద్దామనుకుంటున్న," అంది జమున. "పాలకు పోతే ఇద్దరు ఆడోళ్లు 'మీరే గదా' అన్నరు. నేనెవలనక్కా? వాళ్లు నన్ను సూసి కండ్లనీళ్లు పెట్టుకున్నరు."

"ఇప్పుడే ఆ ఇల్లు విడువు. కారు పంపిస్తున్న. మొఖానికి కట్టుకో."

"కండ్లు ఎట్ల కట్టుకోనక్కా? ఏడికి పోదును?"

ఏ ఊరు చెప్పాలో ఒక క్షణం శ్రీలతకు తెలియలేదు. ఫోన్ లేని ఊరు ఆమెకు ఒక్కటీ గుర్తుకు రాలేదు.

కారు ఏర్పాటు అయ్యాక వీడియో మీది నంబరుకు చేసింది. గొంతును బట్టి ఐలేశ్ చిన్నవాడిలాగే ఉన్నాడు. మొత్తం విన్నాక అన్నాడు: "నేను మంచికే పెట్టిన మేడం. మా అమ్మ లేదు. వాళ్లను సూస్తే పాణం తరుక్కపోయింది. ఇగో, తీసేస్తున్న, మీరు లైన్ల ఉండుండ్రి." కాసేపటికి మళ్లీ అన్నాడు: "నాది పోయింది మేడం. గని నా దగ్గరికెళ్లి తీసుకొని మంది పెట్టుకున్నరు. పాట కలిపినోళ్లు, మాటలు కలిపినోళ్లు. గవి నా చేతుల లేవు." ఫోన్ పెట్టేముందు, "ఆ అమ్మకు తప్పయిందని చెప్పుండ్రి," అన్నాడు.

*

శ్రీలత తండాకు తిరిగివచ్చేసరికి సాయంత్రం అయింది. చాంద్యా అప్పటికే కబురు తెప్పించుకున్నాడు. హరిలాల్ పొద్దుగాలనే బండి తీసుకొని వాళ్ల తండా నుంచి పోయాడట. ఏ దిక్కు పోయాడో ఎవరికీ తెలియదు. జమున కారులో ఉంది. అంతవరకే శ్రీలతకు తెలుసు.

"దినేశ్ తప్పు ఏం లేదు," అని మొదలుపెట్టింది ఆమె. దినేశ్ తల ఊపాడు గాని ఇటు తిరగలేదు. మిగతాది చెప్పి, ఎవరో దాచుకొని మళ్లీ పెట్టిన అదే వీడియో తన ఫోన్‌లో చూపెట్టింది.

కళావతి తన ఏడుపును తానే మొదటిసారి చూసింది. పిల్లనగ్రోవి వచ్చినచోట, "గది ఎవలు ఊదిన్రు? ఆడ ఎవ్వలు ఊదలే," అంది. అయిపోయాక తెర మీద వేలు పెట్టి బిడ్డ గడ్డం కింది మచ్చను ముట్టుకుంది. అది మళ్లీ మొదటి నుంచి మొదలైంది. కళావతి ఉలిక్కిపడి చెయ్యి తీసుకుంది.

"ఎంతమంది సూసిన్రమ్మా?"

"నాలుగు లక్షలక్కా."

ఆ అంకె ఆమెకు అందలేదు. "మన మహబూబాబాద్ అంతనా?"

"అంతకన్న మస్తు ఎక్కువనే," అన్నాడు దినేశ్.

"తిట్టిన్రా?"

"లేదు యాడీ. అందరు ఏడ్సిన్రట."

"కేసు పెడదాం. మొత్తం తీపిద్దాం," అన్నాడు చాంద్యా. పెట్టవచ్చునని శ్రీలతకు తెలుసు. ఒకటి తీసేలోపు పది పుడతాయి. ఆ పదింటికింద పదిమంది మంచివాళ్లు, ఈ అక్క ఫలానా చోట కనబడిందని ప్రేమగా రాస్తారు.

శ్రీలత కళావతి పక్కకు జరిగి, చెవి దగ్గర వంగింది. ఎప్పటిలాగే, జమున ఎటు పోతున్నదో ఆ తల్లికి ఒక్కదానికైనా చెబుదామని.

కళావతి అరచెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగమ్మా."

ఆమె గొంతు లేపలేదు. మొగుడిని, కొడుకును, కోడలిని ఒక్కొక్కరినీ చూసి, శ్రీలతకు కూడా అర్థం కావాలని తెలుగులోనే చెప్పింది.

"నా బిడ్డ ఏడ ఉంటదో ఇయ్యాల్టి సంది నాకు చెప్పద్దు. ఈ ఇంట్ల ఎవ్వలకు చెప్పద్దు. ఎవ్వలు అడగద్దు గూడ. నేను కలవ. నాకు ఏడ్వకుండ బిడ్డను సూసుడు రాదు. గందుకే సూడ."